తుపాకి ఎవరి చేతిలో ఉండవలెను?

“కర్ర గలవానిదే బర్రె” అను సామెతను తెలుగునాట ఎరుగనివారు లేరు. బలము గలవానిదే న్యాయమగు దుస్థితిని మన పెద్దలు మూడు మాటలలో ఎత్తిపొడిచిరి. ఈ సామెతను కొంచెము తరచి చూచినచో దానిలో రెండు కోరికలు దాగియున్నవి. బర్రెను పోగొట్టుకొన్నవాడు తనకును ఒక కర్ర కావలెననును. తగవు తీర్చవలసిన ఊరిపెద్ద కర్రలన్నిటిని తెచ్చి చావడిలో పెట్టుడనును. ఆయుధములను గూర్చి ప్రపంచమున నేడు జరుగుచున్న వాదమంతయు ఈ రెండు కోరికల పెనుగులాటయే. పౌరునికి తుపాకి ఉంచుకొను హక్కు కలదా? లేక అది ప్రభుత్వము దయచేయవలసిన అనుమతి మాత్రమేనా?

ఈ ప్రశ్న అమెరికా పత్రికలలో మాత్రమే కనిపించునదని కొందరి భ్రమ. చిత్తూరు, తిరుపతి సీమలలో దీనికి రెండు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. పాలెగాని కోట మొదలు నేటి వేరుసెనగ చేనివరకు ఆ కథ నడచుచునే యున్నది.

పాలెగాండ్ర నాటి మాట

ఈ ప్రాంతపు పల్లెలలో చెరువుకట్టల మీదను, గుడుల ముంగిటను వీరగల్లులు అనేకము కనిపించును. పసుల మందలను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి ప్రాణము విడిచినవారి స్మారకములు వీనిలో ఎన్నో కలవు. ఊరిని కాచుటకు ఆయుధము పట్టుట నేరము కాదు, పుణ్యమని నాటివారి భావము.

1565లో తళ్ళికోట యుద్ధముతో విజయనగరము చితికిన పిదప అరవీటి రాజులు పెనుగొండ నుండియు, తరువాత చంద్రగిరి నుండియు ఏలిరి. వారి పట్టు సడలిన కొలది అడవి దారులను, కొండ కనుమలను కాచు పాలెగాండ్రు బలపడిరి. ఊళ్ళకు కావలి యిచ్చుట, అందుకు రుసుము వసూలు చేసికొనుట వారి వృత్తి. వారి క్రింద కట్టుబడి బంట్రోతులుండిరి. మాన్యపు నేలను అనుభవించుచు, పిలుపు వచ్చిన నాడు బల్లెమో, కత్తియో, వత్తి తుపాకియో పట్టుకొని కదలుట వారి విధి. పాలెగాడు మంచివాడైనచో రైతు గుండెమీద చేయి వేసికొని నిదురించెడివాడు. చెడ్డవాడైనచో కాచువాడే దోచువాడయ్యెడివాడు. ఆయుధము గల కావలివానిని అదుపులో పెట్టు మరియొక శక్తి లేకపోవుటయే ఆ కాలపు లోపము.

1800లో నిజాము దత్తమండలములను తూర్పు ఇండియా కంపెనీకి అప్పగించెను. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు వానిలోనివి. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యము కూడ కంపెనీ వశమయ్యెను. దానితో చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి సీమలు చేరినవి. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన సర్ తామస్ మన్రోకు ఎదురైన పాలెగాండ్రు సుమారు ఎనుబదిమంది. వారి కోటలను పడగొట్టించి, బంట్రోతుల దండులను చెదరగొట్టి, ఎదిరించినవారిని ఆయన వెళ్ళగొట్టెను. ఈ కాఠిన్యమును లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టిరి. తిరుమలలో “మన్రో గంగాళము” పేర నేటికిని భక్తుల నోట నిలిచియున్న మన్రో ఇతడే.

అదే కాలమున దక్షిణాదిని పాంచాలంకురిచ్చి యుద్ధము ముగిసిన పిదప, 1801 డిసెంబరు 1వ తేదీన మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు ఒక ప్రకటన వెలువరించెను. పాలెగాండ్ర కోటలు నేలమట్టము కావలెననియు, ప్రజలు ఆయుధములను ఒప్పగింపవలెననియు దాని సారాంశము. చిత్తూరు పాలెగాండ్రు లొంగక తిరుగబడగా వారిపై సేనలు నడచినవి. పాలెములు పోయినవి, కోటలు మట్టిదిబ్బలైనవి.

ఈ నిరాయుధీకరణము వలన పల్లెలకు కొంత శాంతి చేకూరినదనుట నిజము. కాని అంతవరకు ఊరి చేతిలో నున్న రక్షణ భారము నాటితో ప్రభుత్వముపైకి మారినది. ఆయుధమును తీసికొన్న చేయి ఆ బరువును కూడ తీసికొనక తప్పదు. ఈ సూత్రమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు మనము చూడబోవు ప్రతి శాసనమునకును ఇదియే గీటురాయి.

అనుమానము నుండి పుట్టిన శాసనము

1857 నాటి తిరుగుబాటు ఆంగ్లేయులకు తీరని భయమును మిగిల్చినది. ఆ భయము ముదిరి 1878లో లార్డ్ లిట్టన్ కాలమున భారత ఆయుధ శాసనముగా రూపొందినది. లైసెన్సు లేక ఆయుధము కలిగియుండుట నేరమయ్యెను. అంతవరకైనచో పరిపాలన సౌకర్యమని సరిపెట్టుకొనవచ్చును. కాని ఐరోపా జాతులవారికిని, కొందరు జమీందారులకును, బిరుదాంకితులకును మినహాయింపులు లభించినవి. సామాన్య భారతీయుడు మాత్రము తన దేశములో తానే అనుమానితుడయ్యెను. లిట్టన్ దేశభాషా పత్రికల నోరు నొక్కు శాసనమును తెచ్చినది కూడ ఆ 1878లోనే. తరువాత రిప్పన్ ప్రభువు కాలమున 1882లో పత్రికా శాసనము రద్దయినది గాని ఆయుధ శాసనము కదలలేదు. కలము కంటె కత్తి యెడల పాలకులకు భయము హెచ్చు కాబోలు!

1887లో మద్రాసు నగరమున బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభలో ఈ శాసనముపై వేడివేడిగా చర్చ జరిగినది. యువకుడైన బిపిన్ చంద్రపాల్ దానిని రద్దు చేయవలెనని గట్టిగా వాదించెను. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిన పనప్పాకము ఆనందాచార్యులుగారు 1885 నాటి తొలి కాంగ్రెసు ప్రతినిధులలో ఒకరు. 1891లో నాగపూరు సభకు ఆయనయే అధ్యక్షులు. ఆ తొలి తరము నాయకుల కోరికలలో ఆయుధ శాసన సడలింపు తరచు కనిపించును. తుపాకుల మీది మోజుతో వారు అట్లు కోరలేదు. ఒకే చట్టము తెల్లవానిని ఒక విధముగను, నల్లవానిని మరియొక విధముగను చూచుట వారికి అవమానముగా తోచినది.

అహింసయే పరమధర్మమన్న గాంధీమహాత్ముడు కూడ ఈ శాసనమును సహింపలేదనిన కొందరు విద్యార్థులకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఒక జాతినంతటిని నిరాయుధము చేయుట ఆంగ్లేయుల దుష్కార్యములలో అతి నీచమైనదిగా చరిత్ర ఎంచునని 1918 నాటి కరపత్రమున ఆయన వ్రాసిరి. 1930 జనవరిలో వైస్రాయి ఇర్విన్ ముందుంచిన పదునొకండు కోరికలలో ఉప్పుపన్ను రద్దుతోపాటు, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులను ప్రజల అదుపునకు లోబడి ఇవ్వవలెననునదియు ఒకటి. మరుసటి సంవత్సరము కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రతి పౌరునికి కలదని చేర్చిరి. చేతిలో ఆయుధముండి దానిని వాడక విడుచుట అహింస. ఆయుధమే లేక ఊరకుండుట నిస్సహాయత. గాంధీజీ ఈ రెంటిని ఒకటిగా ఎన్నడును ఎంచలేదు.

రాజ్యాంగ సభలో

స్వరాజ్యము వచ్చినది. మరి కరాచీలో వాగ్దానము చేసిన హక్కు ఏమయ్యెను? 1948 డిసెంబరు 1వ తేదీన రాజ్యాంగ సభలో హెచ్. వి. కామత్ ఈ ప్రశ్ననే లేవనెత్తెను. కేంద్ర శాసనము విధించు నిబంధనలకు లోబడి ఆయుధము ఉంచుకొను హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చవలెనని ఆయన సవరణ. డాక్టరు అంబేద్కరు దీనికి సమాధానము చెప్పిరి. ప్రతివాడును బజారునకు పోయి అడ్డు ఆపులేక ఆయుధములు కొనుచుండగా రాజ్యమెట్లు నడచునో తన ఊహకు అందదనిరి. పౌరుని వలన కోరదగినది ఆయుధము ధరించు హక్కు కాదు, దేశమునకు ఆపద వాటిల్లిన నాడు ఆయుధము పట్టవలసిన విధి యని వారి వాదసారము. సవరణ వీగిపోయినది.

అందువలననే మన రాజ్యాంగమున ఆయుధ హక్కు లేదు. పైగా పందొమ్మిదవ అధికరణము పౌరులకు శాంతియుతముగ, నిరాయుధులై సమావేశమగు స్వేచ్ఛను ఇచ్చినది. సిక్కులు కృపాణము ధరించుటను మాత్రము ఇరువదియైదవ అధికరణపు వివరణ మతస్వేచ్ఛలో చేర్చినది. ఆయుధములు, మందుగుండు సామగ్రి కేంద్ర జాబితాలోని అంశములైనవి. అంబేద్కరు చెప్పిన విధి యొక్క చిన్న రూపమును చూడగోరువారు ఏ కళాశాల మైదానమునకైన పోయి, ఎన్.సి.సి. విద్యార్థులు రైఫిలు పట్టి కవాతు చేయుటను చూడవచ్చును. 1948 చట్టము వలన ఏర్పడిన ఆ సంస్థ సభ్యునికి, విధి నిర్వహణలో పట్టిన ఆయుధమునకు వేరుగా లైసెన్సు అక్కరలేదు.

1959 చట్టము

1878 శాసనము స్వతంత్ర భారతమున మరి పదునైదేండ్లు బ్రతికినది. దాని స్థానమున కొత్త ఆయుధ చట్టము 1959 డిసెంబరులో వెలువడి, 1962 అక్టోబరు 1వ తేదీన అమలునకు వచ్చినది. ఆ చట్టము లోకసభను దాటినపుడు స్పీకరు పీఠముపై ఉండినవారు తిరుచానూరు వాస్తవ్యులగు మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారు. అప్పుడాయన చిత్తూరు నియోజకవర్గపు ప్రతినిధి.

ఈ చట్టమును చదివినచో రైతును ఎరిగినవారే దీనిని కూర్చిరని తోచును. ఇతర ఆయుధములు కోరువాడు తగిన కారణము చూపవలెను. కాని ఆత్మరక్షణకు గాని, వేటపోటీలకు గాని ఇరువది అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకి కోరిన పౌరునికిని, పైరును కాపాడుకొనుటకు మూతి నుండి మందు కూరు నాటు తుపాకి కోరిన రైతునకును, వేరు అభ్యంతరము లేనిచో లైసెన్సు ఇవ్వవలెననియే పదుమూడవ సెక్షను చెప్పుచున్నది.

ఈ తేడాలోని మర్మమును గమనింపుడు. నాటు తుపాకిలో మొదట మందు పోయవలెను. గుడ్డపీలికనో పీచునో కూరి, రవలు పోసి, కడ్డీతో దట్టింపవలెను. ఒకసారి పేల్చినచో ఈ తతంగమంతయు మరల మొదలు పెట్టవలసినదే. పందులను అదరగొట్టుటకు అది చాలును, మనుషుల గుంపుపై దాడి చేయుటకు చాలదు. పొడవైన గొట్టమును పంచె మడతలో దాచుట కుదరదు. పిస్తోలు అట్లు కాదు. జేబులో ఇమిడి, కనురెప్ప పాటులో ఆరు ప్రాణములు తీయగలదు. ఆయుధముయొక్క పనిని బట్టి కట్టడి ఉండవలెనన్నదే ఇచ్చటి వివేకము.

మరియొక మంచి మాట పదునాలుగవ సెక్షనులో నున్నది. తగినంత ఆస్తి లేదను ఒక్క కారణముచే ఎవరికిని లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించిన అధికారి కారణములను వ్రాతమూలకముగ నమోదు చేయవలెను. ఆ నిర్ణయముపై అప్పీలు కలదు. జమీందారునకు మినహాయింపు, కూలివానికి సంకెల అను లిట్టన్ నాటి నీతికి ఇది జవాబు.

2019లో ఈ చట్టమును మరల సవరించిరి. ఒక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించిరి. లైసెన్సు గడువును మూడు నుండి ఐదేండ్లకు పెంచిరి. పెండ్లిండ్లలోను, ఊరేగింపులలోను ఆర్భాటము కొరకు నిర్లక్ష్యముగ కాల్చుటకు రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని విధించిరి.

చేనిగట్టుపై నిలిచిన ప్రశ్న

చట్టము పుస్తకమున ఇట్లున్నది. పల్లెలో ఎట్లున్నది? కుప్పము, పలమనేరు ప్రాంతములలో రైతులు పంట చేతికి వచ్చు వేళ రాత్రులు మంచె మీదనే గడపుదురు. 1980 దశకము నుండి తమిళనాడు, కర్ణాటక అడవుల మీదుగా వచ్చిన ఏనుగులు ఇచ్చట స్థిరపడినవి. వానికొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఏనుగుల మందయొకటి ఒక రాత్రి నడచిపోయిన చెరకుతోటలో గడలు నిలువవు. అడవిపందులు వేరుసెనగ సాళ్ళను నాగలితో దున్నినట్లు పెల్లగించును.

1959 చట్టము రైతునకు నాటు తుపాకి ఇవ్వవచ్చునన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ తుపాకితో అడవిపందిని కొట్టరాదన్నది. పైరునకు ముప్పు తెచ్చు పందిని చంపవలెనన్న వన్యప్రాణి అధికారుల వ్రాతపూర్వకమైన ఉత్తరువు కావలెను. ఏనుగుమాట చెప్పనక్కరలేదు. ఒక చట్టము చేతికి తుపాకినిచ్చి, మరియొక చట్టము మీటమీది వ్రేలిని పట్టుకొన్నది. రెండు చట్టములును మంచివే. అడవి మిగులవలెను, రైతు మిగులవలెను. కాని రెంటి నడుమ ఉత్తరువు వచ్చువరకు పంది ఆగదు గదా!

ఈ సందున మూడు అనర్థములు పుట్టినవి. మొదటిది, అనుమతి లేని నాటు తుపాకి. చాటున తయారైన గొట్టము పేలి, పట్టినవాని చేతినే గాయపరుపవచ్చును. చీకటిలో కదలినది పందియో పొరుగువాడో తెలియక పేల్చినచో రెండు కుటుంబములు కూలిపోవును. లైసెన్సు లేని తుపాకి కలిగియుండుటకు 2019 సవరణ ప్రకారము రెండు నుండి ఐదేండ్ల వరకు శిక్ష కలదు. రెండవది, చేనిచుట్టు కరెంటు తీగ. తుపాకి దొరకనివాడు తీగ లాగును. ఆ తీగ ఏనుగును, పందిని, తెల్లవారుజామున నీరు కట్టబోవు కూలిని ఒకే తీరున చంపును. మూడవది, వేటగాని స్వార్థము. పైరు కాపలా పేర పుట్టిన తుపాకి అడవిలో దుప్పుల మీదకు తిరుగును.

పట్టణమున ప్రశ్న వేరు రూపము దాల్చును. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక సంస్థ కార్యాలయములోనే, పట్టపగలు, మేయరు కఠారి అనూరాధను దుండగులు తుపాకితో కాల్చి చంపిరి. ప్రజల ఓటుతో ఎన్నికైన ఒక స్త్రీ ప్రజల భవనములోనే నేలకొరిగినది. ఆనాడు పదునుపెట్టవలసిన ప్రశ్న సామాన్యునికి తుపాకి హక్కు కలదా యనునది కాదు. హంతకునికి తుపాకి ఎట్లు అందినది యనునది. ఎన్నికల వేళ లైసెన్సుదారుల తుపాకులను పోలీసు స్టేషనులలో జమ చేయించుట మనకు పరిపాటి. అది మంచిదే. కాని జమ చేయువాడు చట్టమునకు లోబడినవాడు. చట్టము తెలియని తుపాకి చావడికి రాదు.

2018లో జెనీవాలోని చిన్న ఆయుధముల పరిశోధన సంస్థ వెలువరించిన అంచనాలో మన దేశపు పౌరుల చేతిలోని తుపాకులు సుమారు ఏడు కోట్లు. అందు లైసెన్సు గలవి 97 లక్షలు మాత్రమే. అనగా పదింట తొమ్మిదికి దగ్గరగా ప్రభుత్వము లెక్కలో లేనివే. 2023 ఫిబ్రవరిలో ఉత్తర ప్రదేశ్‌నుండి వచ్చిన ఒక కేసు విచారించుచు, అమెరికాలో వలె ఇచ్చట ఎవరికిని ఆయుధ హక్కు లేదని సుప్రీంకోర్టు జ్ఞాపకము చేసి, లైసెన్సు లేని ఆయుధముల వాడుకపై ఆందోళన వెలిబుచ్చుటకు కారణమిదియే.

పొరుగు వారి పాఠములు

మన పొరుగున కర్ణాటకములోని కొడగు సీమ ఒక వింత. అచ్చటి కొడవ జాతివారికిని, జమ్మా భూములు గలవారికిని ఆంగ్లేయుల కాలము నుండి కొన్ని తుపాకులకు లైసెన్సు అక్కరలేదను మినహాయింపు కలదు. కైల్‌పోద్ పండుగనాడు వారు తుపాకికి పూజ చేయుదురు. 2019లో కేంద్ర ప్రభుత్వము దానిని 2029 వరకు పొడిగించినది. 2021లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించినది. కొడగులో ఆ ఆయుధముచుట్టు తరతరాల కట్టుబాటు కలదు. ఆ కట్టుబాటు లేనిచోట మినహాయింపును మాత్రము అరువు తెచ్చుకొన్నచో ఏమగునో ఊహింపవచ్చును.

అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ ఆయుధ హక్కును కాపాడుచున్నది. అది వ్యక్తికి చెందిన హక్కేనని ఆ దేశపు సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. అచ్చట మనుషులకంటె తుపాకులే ఎక్కువ. బడిపిల్లలు పాఠములతోపాటు, తుపాకి పట్టినవాడు లోనికి వచ్చినచో ఎట్లు దాగవలెనో అభ్యసించుచున్నారు. స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో 1996 మార్చిలో ఒక దుర్మార్గుడు పదునారుగురు పసివారిని, వారి ఉపాధ్యాయినిని కాల్చి చంపెను. బ్రిటను మరుసటి సంవత్సరమే చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించెను. అదే 1996 ఏప్రిలులో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ముప్పదియైదుగురు హతులు కాగా, ఆ ప్రభుత్వము వెలనిచ్చి ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రజలనుండి తిరిగి తీసికొనెను. ఆస్ట్రేలియా రైతునకు నేటికిని తుపాకి కలదు. అతడు దానికి కారణము చూపవలెను, భద్రముగ దాచవలెను, లెక్క చెప్పవలెను.

తూకము

ఇరుపక్షముల వాదములను తూచినచో ఏమి తేలును? ఆయుధము ప్రతివానికి హక్కుగా ఉండవలెననువారు పాలెగాండ్ర కాలమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నాడు ఆయుధము గలవాని యెదుట లేనివాడు ఏనాడును పౌరుడు కాలేదు. ఆయుధము ఎవరికిని కూడదనువారు 1878ని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రజలను నమ్మని ప్రభుత్వమును ప్రజలు ప్రేమింపరు.

కామత్ సవరణను త్రోసిపుచ్చుటలో రాజ్యాంగ సభ తప్పు చేయలేదని మా యభిప్రాయము. కాని ఆ నిర్ణయమునకు ఒక మూల్యము కలదు. పౌరుడు తన కర్రను చావడిలో పెట్టినది బర్రెను ఊరు కాచునను నమ్మకముతో. ఆ నమ్మకమును నిలుపుట ప్రభుత్వము వంతు. లైసెన్సు కోరిన రైతునకు ఔననియో కాదనియో వేళకు జవాబు రావలెను. కాదన్నచో కారణము చెప్పవలెను. పందులను తరుముటకు ఉత్తరువు పంట కోతకు ముందే రావలెను, కోత ముగిసిన పిదప కాదు. ఏనుగు తొక్కిన చేనికి పరిహారము మరుసటి విత్తులవేళకైన చేతికందవలెను. కందకములు, సౌరశక్తి కంచెలు పాడుపడక నిలువవలెను. 2025లో కర్ణాటకమునుండి కుంకీ ఏనుగులను రప్పించుట ఈ దిశలో మంచి అడుగు. ఇక చాటుమాటు తుపాకుల తయారీని, అమ్మకమును మూలమునందే త్రుంచవలెను.

పాఠశాలలలో వక్తృత్వ పోటీలకు “కలము గొప్పదా, కత్తి గొప్పదా” యను విషయమును ఏటేట ఇచ్చుచుందురు. ఈసారి ఉపాధ్యాయులు దానికి బదులు “కత్తి ఎవరి చేతిలో, ఎవరి అదుపులో ఉండవలెను” అను విషయమును ఇచ్చి చూడవచ్చును. ఒక పక్షమున చేనికాపరిని, మరియొక పక్షమున జిల్లా కలెక్టరును నిలుపవచ్చును. మూడవవానిగా, ఓటు తప్ప మరి ఏ ఆయుధమును లేని సామాన్యుని కూడ నిలుపవలెను. అతడు అడుగు ప్రశ్నలకు తక్కిన ఇద్దరును ఏమి చెప్పుదురో పిల్లలు తేల్చవలెను.